క్రోన్స్ వ్యాధిలో లోపించేది ఏమిటి?

క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే దీర్ఘకాలిక పేగువాపు జబ్బుల్లో రోగనిరోధక శక్తి హద్దుమీరి సొంత పేగుపైనే దాడి చేస్తుందని, దాన్ని అణచడమే చికిత్స అని పాతుకుపోయిన వివరణ క్రోన్స్ విషయంలో కారణాన్ని తలకిందులు చేస్తున్నది.

పేగుగోడ దాటివచ్చిన సూక్ష్మజీవిని గంటల్లోనే పసిగట్టి మింగేసే న్యూట్రోఫిల్, మాక్రోఫేజ్ కణాల వ్యవస్థను, అంటే పుట్టుకతో వచ్చే సహజాత రోగనిరోధకతను, ఈ వివరణ పక్కన పెడుతుంది. 2001లో క్రోన్స్‌తో సంబంధం బయటపడిన నాడ్2 జన్యువు బ్యాక్టీరియా గోడలోని ఒక ముక్కను గుర్తించే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. వ్యాధికి దారితీసే ప్రధాన మార్పులు ఆ గుర్తించే శక్తిని పెంచవు, తగ్గిస్తాయి. 2006లో లండన్‌లో ఆంథొనీ సీగల్ బృందం ఇ.కోలై బ్యాక్టీరియాను చర్మం కిందికి ఎక్కించినప్పుడు, ఆ చోట రక్తప్రసరణ ఆరోగ్యవంతుల్లో పెరిగినంతగా క్రోన్స్ రోగుల్లో పెరగలేదు. తొలి స్పందన ఇలా మందగించి సూక్ష్మజీవులు లోపలే మిగిలిపోతే, వాటిపై ఆ తర్వాత చెలరేగే దీర్ఘకాలిక వాపే రోగికి నొప్పిగా, విరేచనాలుగా తెలుస్తుంది.

టీఎన్ఎఫ్ అనే వాపు ప్రొటీన్‌ను అడ్డుకునే మందులు మేలు చేస్తున్నాయి కదా అన్న వాదన బలమైనదే. అయితే ఆ మేలు మలిదశ వాపును తగ్గించడం వల్ల కలిగినదే తప్ప తొలి కారణానికి రుజువు కాదు. ఐఎల్-17 అనే మరో వాపు ప్రొటీన్‌ను అడ్డుకునే మందు సెకుకినుమాబ్‌ను పరీక్షించినప్పుడు క్రోన్స్ తగ్గకపోగా కొందరిలో ముదిరిందని 2012లో వెల్లడైంది. నాడ్2లోని ఆ మార్పులకు భారతీయ రోగుల్లో సంబంధం కనిపించలేదని హైదరాబాద్ పరిశోధకులు 2011లో చూపిన మాట నిజమే. కానీ ఒక జన్యువులోని కొన్ని మార్పులు కనిపించనంత మాత్రాన ఆ వ్యవస్థ మొత్తానికీ ఇక్కడ పాత్ర లేదనడం తొందరపాటు.

తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ చర్చ ప్రాణాలకు సంబంధించినది. ఎందుకంటే పేగు క్షయ కూడా చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటనే ఎక్కువగా పుండ్లు పెట్టి, క్రోన్స్‌లాగే గ్రాన్యులోమాలను, అంటే క్రిమిని చుట్టుముట్టిన మాక్రోఫేజ్‌ల ముద్దలను, ఏర్పరుస్తుంది. ఆ ముద్దలు విడిపోకుండా నిలిపేది టీఎన్ఎఫే. క్షయను క్రోన్స్‌గా పొరబడి అణచివేత మొదలుపెడితే అదుపులో ఉన్న క్రిమి ఒళ్ళంతా పాకే ప్రమాదం ఉంది. క్రోన్స్ నగరాల జబ్బే అనుకోవడానికీ వీల్లేదు: తెలంగాణలో 2020–22 మధ్య పేగు లక్షణాలున్న 30 వేలమందికి పైగా రోగులను పరీక్షించిన హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి అధ్యయనంలో పేగువాపు జబ్బుల విషయంలో పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా కనిపించలేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలల్లో చదివే విద్యార్థికి, స్టెరాయిడ్ చీటీ రాయకముందే పేగు నుంచి తీసిన ముక్కలో క్షయ క్రిమిని వెతకడం, ఛాతీ ఎక్స్‌రే చూడడం మొదటి పాఠంగా నేర్పాలి.