ఎలుకలంటే నాకు అసహ్యం కాదు, అలర్జీ

"నాకు ఎలుకలు పడవు" అంటే మనవాళ్ళెవరూ దాన్ని జబ్బనుకోరు. "ఎవరికి పడతాయి తల్లీ" అని నవ్వేస్తారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. వంకాయ పడదు, ఎదురింటావిడ పడదు, దుమ్ము పడదు, ఎలుక పడదు. ఇష్టం లేకపోవడానికీ, ఒంటికి సరిపడకపోవడానికీ మనకి ఒకటే మాట. ఒక ఆడది "పడదు" అంటే చుట్టూ ఉన్నవాళ్ళు మొదటి అర్థాన్నే తీసుకుంటారు. రెండో అర్థం వాళ్ళకి ఎక్కడానికి చాలాకాలం పడుతుంది. ఈ వ్యాసం ఆ రెండో అర్థం గురించి.

ముందు ఈ ఎలుకలేమిటో చెప్పాలి. మేముండేది అమెరికాలో, ఓహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. ఇక్కడ పెంపుడు జంతువుల కొట్లలో కుందేళ్ళ పక్కనే ఎలుకల్ని కూడా అమ్ముతారు. మన పెరట్లో గోతులు తవ్వే పందికొక్కులు కావివి. మురిక్కాలవల్లో తిరిగే గోధుమరంగు ఎలుకల వంశమే గానీ, తరాల తరబడి మనుషుల చేతుల్లో పెరిగి సాధువైపోయిన రకం. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో జాక్ బ్లాక్ అని ఎలుకలు పట్టేవాడొకడు ఉండేవాడు. వింత రంగుల ఎలుక దొరికితే చంపకుండా దాచి, పిల్లల్ని పెట్టించి అమ్ముకునేవాడట. 1901లో ఇంగ్లండ్‌లోని ఐల్స్‌బరీలో మేరీ డగ్లస్ అనే ఆవిడ తన పెంపుడు ఎలుకల్ని పోటీకి తీసుకెళ్ళింది. పిల్లల కథల రచయిత్రి బీట్రిక్స్ పాటర్ 1908లో వేసిన ఎలుకల కథని తను పెంచుకున్న తెల్ల ఎలుక శామీకి అంకితమిచ్చింది. కాబట్టి ఇది మా ఇంట్లో మొదలైన పిచ్చేమీ కాదు.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. కుక్క వద్దన్నాం, పిల్లి వద్దన్నాం. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని ఏడాదిపాటు చదివి, ఎలుకల మీద మా ఇద్దరికీ చిన్న ఉపన్యాసమే ఇచ్చింది. అవి గుంపులో బతికే ప్రాణులు కాబట్టి ఒక్కదాన్నే పెంచకూడదంది. అలా రెండు మగ ఎలుకలు వచ్చాయి. బూడిదరంగుది నువ్వులు, గోధుమరంగుది బెల్లం. వినాయకచవితినాడు స్వామికి నైవేద్యం పెట్టాక, వాహనానికి కూడా అంటూ చెరో చిన్న ఉండ్రాయి ముక్క పెట్టింది. మా అత్తయ్యగారు వీడియోలో చూసి, "బోను పెట్టాల్సినవాటికి బొంత కుట్టారా" అని బుగ్గలు నొక్కుకున్నారు.

మొదటి మూడు నెలలూ నాకేమీ కాలేదు. అలర్జీ తీరే అంత. ఒంట్లోని రక్షణ వ్యవస్థ ముందు ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవాలి, దానికి తగ్గ యాంటీబాడీలు తయారుచేసుకోవాలి. అప్పుడు గానీ యుద్ధం మొదలవదు. నాలుగో నెలలో బెల్లంగాడు నా చెయ్యి మీదుగా పరుగెత్తితే, గోళ్ళు ఆనిన ప్రతిచోటా ఎర్రటి దద్దు లేచింది. తర్వాత ముక్కు, ఆ తర్వాత కళ్ళు. పొద్దున్న వరసగా పదిహేను తుమ్ములు. కాఫీ వాసన కూడా తెలియనంత దిబ్బడ.

పరీక్ష చేసిన డాక్టరమ్మ చెప్పిన సంగతి మీలో చాలామందికి కొత్తగా ఉండొచ్చు. తప్పు వెంట్రుకలది కాదు. ఎలుక మూత్రంలో, లాలాజలంలో ఉండే ఒక ప్రోటీన్‌ది. ఎలుక ఒళ్ళంతా నాక్కుంటుంది, నడిచినచోటల్లా చుక్కలు వదులుతుంది. అది ఎండి, కంటికి కనపడని నలుసులై గాల్లో తేలుతుంది. అందుకే బొచ్చులేని రకం ఎలుకని తెచ్చుకున్నా లాభం లేదు. పైగా ఆ ప్రోటీన్ మగ ఎలుకల్లో చాలా ఎక్కువ, ఆడవాటిలో తక్కువ. మావి రెండూ మగవే.

ఇంత చెప్పాక ఆవిడ మా ముగ్గురి వైపూ చూసి ఒకే ప్రశ్న వేసింది: "పంజరం ఎవరు కడుగుతారు?"

నేనే. ఎలుకలు అమ్మాయివి, వాటికి డబ్బులు పెట్టింది మావారు, కడిగేది నేను. ఎవరూ నన్ను కడగమని చెప్పలేదు, ఎవరూ కూర్చుని పంచుకోనూ లేదు. అమ్మాయికి స్కూలు, మావారికి ఆఫీసు, ఇంట్లో ఉండేది నేను. గిన్నెలు, బట్టలు, బాత్‌రూములు ఏ దారిన నా చేతికొచ్చాయో పంజరమూ ఆ దారినే వచ్చింది. తడిసిన పొట్టు కదిపినప్పుడే ఆ నలుసులు గాల్లోకి ఎక్కువగా లేస్తాయి. ఇంట్లో ఎవరికి పడదో ఆ మనిషే వారానికి రెండుసార్లు అందులో తలదూర్చి పీల్చుకుంటోందన్నమాట.

ఎలుకల అలర్జీ గురించి వైద్యులకి ఇంత తెలియడానికి కారణం పరిశోధనశాలల్లో పనిచేసేవాళ్ళు. ఎలుకల మీద ప్రయోగాలు జరిగేచోట రోజూ వాటిని పట్టుకునేవాళ్ళకి, పంజరాలు శుభ్రం చేసేవాళ్ళకి ఈ బాధ వస్తుందని చాలాకాలంగా తెలుసు. అక్కడ దీన్ని వృత్తివల్ల వచ్చే జబ్బుగా చూస్తారు. మాస్కులు, గౌనులు, గ్లవుజులు, గాలిని వడకట్టే పంజరాలు ఉంటాయి. అవసరమైతే మనిషిని వేరే పనికి మారుస్తారు. అదే పని ఇంట్లో గృహిణి చేస్తే దాని పేరు తుమ్ములు. "ఒక మాత్ర వేసుకోరాదూ" అంటారు. పని మార్చడమన్న ఆలోచన ఎవరికీ రాదు, ఎందుకంటే మన పనిని పనిగా లెక్కేసినవాళ్ళు లేరు.

ఎలుకలని పక్కన పెట్టి మన ఇళ్ళ వైపు చూడండి. ఎండుమిర్చి వేయిస్తుంటే కోరుకి దగ్గే మనిషెవరు? పండక్కి అటక దులిపి, నాలుగు రోజులు ముక్కు చీదుకునేదెవరు? అంట్ల సబ్బుకి వేళ్ళు పగిలి, రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేదెవరు? సాంబ్రాణి పొగ పడకపోయినా శుక్రవారం వెయ్యక తప్పనిదెవరికి? మా అమ్మ పుట్టింటి పాత బీరువా తెరిస్తే చాలు ఆయాసపడేది. మేమందరం "అమ్మకి దుమ్ము పడదు" అని ఎంతో మామూలుగా చెప్పుకునేవాళ్ళం. చీపురు మాత్రం ఆవిడ చేతిలోనే ఉండేది. నా విషయం నలుగురి నోళ్ళలో పడిందంటే ఎలుక వింత కాబట్టి. అదే నాకు దుమ్ము పడకపోతే డాక్టరు దాకా వెళ్ళేదాన్నే కాదేమో.

ఇప్పుడు నాకొచ్చిన సలహాల సంగతి. అవి రెండే రెండు రకాలు.

మొదటిది, "ఇచ్చెయ్యండి, పీడా పోతుంది". దీన్ని నేను కొట్టిపారెయ్యను. అలర్జీ తెచ్చిపెట్టేదాన్ని ఇంట్లోంచి పంపెయ్యడమే అన్నిటికన్నా గట్టి మందని డాక్టరమ్మ కూడా చెప్పింది. కానీ ఆ సలహా ఇచ్చినవాళ్ళలో చాలామందికి నా ముక్కు మీద కన్నా ఎలుకల మీదున్న ఏవగింపే ఎక్కువ. కుక్కపిల్ల అయితే ఇంత తేలిగ్గా అనేవారు కాదు. ఇంకో సంగతి ఉంది. ఒక ప్రాణిని తెచ్చుకుంటే అది పోయేదాకా చూసుకోవాలని మేమే మా అమ్మాయికి నేర్పాం. ఇబ్బంది రాగానే సాగనంపితే ఆ పాఠం తిరగరాసినట్టే.

రెండోది, "ఏముందండీ, మాత్ర వేసుకుని సర్దుకుపోండి". దీనితో నాకు అసలు పేచీ. సర్దుకుపోవడం అనేది ఇంటిల్లిపాదీ చెయ్యాల్సిన పని. ఒక్క మనిషే సర్దుకుంటుంటే అది సర్దుబాటు కాదు, మిగతావాళ్ళకి వెసులుబాటు. పైగా ఈ అలర్జీ కొందరిలో ముక్కుతో ఆగదు. పీల్చడం మానకపోతే ఛాతీలోకి దిగి ఉబ్బసం అవుతుంది. ఉబ్బసం ఒకసారి పట్టుకుంటే ఎలుకలు పోయినా అది పోతుందన్న పూచీ లేదు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంట్లో పెంపుడు జంతువు ఉండాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. పడని మనిషి దాని పని చెయ్యకూడదన్నది మొదటి నియమం. ఆ నియమం పాటించగలిగిన ఇంట్లోనే రెండో ప్రశ్న అడగాలి.

మా ఇంట్లో ఏం మారిందో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. హాల్లో ఉన్న పంజరం మావారి ఆఫీసు గదిలోకి వెళ్ళింది. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. అక్కడొక హెపా ఫిల్టర్ యంత్రం నడుస్తుంది. చలికాలం ఇక్కడ కిటికీలు తియ్యలేం, ఇంటి గాలంతా హీటర్ గొట్టాల్లోంచి తిరిగి తిరిగి వస్తుంది కనక హీటర్ ఫిల్టర్‌ని తరచుగా మారుస్తున్నాం. కలపపొట్టు మానేసి, దుమ్ము తక్కువ లేచే కాగితపు పొట్టు వాడుతున్నాం. బుధవారం అమ్మాయి, ఆదివారం మావారు, మాస్కు, గ్లవుజులు వేసుకుని గరాజులో పంజరం కడుగుతారు. పొడిగా దులపరు, తడిగుడ్డతో తుడుస్తారు. ఎలుకలతో ఆడాక అమ్మాయి మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా మార్చుకుని గానీ నా దగ్గరికి రాదు. ఆ బట్టలు వాళ్ళే వేడినీళ్ళలో ఉతుక్కుంటారు. నేను డాక్టరమ్మ రాసిన ముక్కు స్ప్రే రోజూ వాడతాను.

మొదటి ఆదివారం మావారు పంజరం కడిగి వచ్చి, "ఇంత పనుందా దీనికి" అన్నారు. నేనేమీ అనలేదు. ఆ ఒక్క మాటకి ఫిల్టర్ యంత్రం ఖరీదు గిట్టిపోయింది.

అలర్జీ పోయిందా అంటే పోలేదు, తగ్గింది. పదిహేను తుమ్ములు నాలుగైదుకి వచ్చాయి. గీత ఎక్కడుందో కూడా ముందే చెప్పుకున్నాం. ముక్కు, కళ్ళు, చర్మం వరకూ నేను భరిస్తాను. ఊపిరి పిల్లికూతలు మొదలుపెట్టిన రోజున ఎలుకలు వెళ్ళిపోతాయి, వాటిని ప్రేమగా చూసుకునే ఇల్లు మేమే వెతుకుతాం. "అంత చిన్నపిల్లతో అలా చెప్తారా" అంది నా స్నేహితురాలు. చెప్పాలనే అంటాను. అమ్మ ఊపిరికి కూడా ఒక హద్దు ఉంటుందని పిల్లలు అమ్మ నోటివెంటే వినాలి. ఆస్పత్రిలో తెలుసుకోకూడదు.

ఇన్ని చెప్పానని వాటి మీద నాకు ప్రేమ లేదనుకోకండి. చక్కిలిగిలి పెడితే ఎలుకలు మన చెవికి అందనంత సన్నని కూతలు కూస్తాయని, అది వాటి నవ్వులాంటిదని జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. 2011లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగం చేసి చూస్తే, ఇరుక్కుపోయిన తోటి ఎలుకని ఇంకో ఎలుక తలుపు తీసి విడిపించిందట. పక్కనే చాక్లెట్ ముక్కలున్నా చాలాసార్లు అన్నీ తనే తినేయకుండా కొన్ని దానికి మిగిల్చిందట. నువ్వులుగాడు నా గొంతు వింటే ఊచల దగ్గరికొచ్చి ముక్కు ఆడిస్తాడు. నేను తలుపు అద్దంలోంచి చూసి చెయ్యి ఊపుతాను. ప్రేమ ఉన్నంత మాత్రాన ఒళ్ళు మాట వినదు, ఒళ్ళు వినలేదని ప్రేమ అబద్ధమూ కాదు.

ఇక తేలాల్సింది ఒక్కటుంది. పెంపుడు ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్ళే. ఒకటి పోతే రెండోది ఒంటరిదవుతుంది, దానికి తోడు కావాలి. ఆ తోడు కొత్తది కాబట్టి ఇంకో రెండేళ్ళు బతుకుతుంది, మళ్ళీ దానికో తోడు. ఇలా ఈ గొలుసుకి చివర ఉండదు. ఒకటి పోయాక మిగిలినదాన్ని ఎలుకలున్న వేరే ఇంటికి తోడుగా ఇద్దామని నేనంటాను. ముసలితనంలో ఇల్లు మారిస్తే బెంగపెట్టుకుంటుంది, ఇంకోదాన్ని తెద్దామని అమ్మాయి అంటుంది. దాని వాదనలోనూ దయ ఉంది, కాదనను. కానీ ఆ దయ లెక్కలో నన్నూ వేసుకోమని అడుగుతున్నాను. ఇంకా ఒప్పుకోలేదు, ఆలోచిస్తానంది. ఈలోగా బుధవారం బుధవారం నేను గుర్తుచెయ్యకుండానే మాస్కు తగిలించుకుని పంజరం కడుగుతోంది.