కళ్లు తిరుగుతున్నాయని స్మార్ట్‌వాచ్ కొంటున్నారా? ముందు బీపీ మెషిన్ కొనండి

ప్రతి స్మార్ట్‌వాచ్ రివ్యూలోనూ ఒక లైన్ ఉంటుంది: గంటకోసారి లేచి నిలబడమని గుర్తు చేస్తుందని. మరి లేచి నిలబడితేనే కళ్లు బైర్లు కమ్మే వాళ్ల సంగతేంటి? నేను ఆ బ్యాచే. రెండేళ్లుగా ఈ సమస్యతోనే కోడింగ్ జాబ్ చేస్తున్నా. నా అభిప్రాయం సూటిగా చెప్తా. మనలాంటి వాళ్లకి ఇరవై వేల వాచ్ కన్నా రెండు మూడు వేలకి వచ్చే బీపీ మెషినే ఎక్కువ ఉపయోగం.

ఎందుకో చూడండి. నిలబడిన 3 నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. బీపీ అలా పడకుండా, పెద్దవాళ్లలో 10 నిమిషాల్లోపు పల్స్ 30కి పైగా పెరిగి అలాగే ఉంటూ, లక్షణాలు కనీసం 3 నెలలుగా వేధిస్తుంటే డాక్టర్లు 'పాట్స్' కోణంలో చూస్తారు. అంటే తేడా తెలియాలంటే బీపీ, పల్స్ రెండూ కావాలి.

చాలా వాచ్‌లు అసలు బీపీ కొలవవు. శాంసంగ్ గెలాక్సీ వాచ్‌లో ఆ ఫీచర్ ఉన్నా, 28 రోజులకోసారి కఫ్ మెషిన్‌తో క్యాలిబ్రేట్ చేయాలి. చివరికి మెషిన్ కొనాల్సిందేగా!

పోనీ పల్స్ అలర్ట్? యాపిల్ వాచ్‌లో మీరు కదలకుండా ఉన్న 10 నిమిషాల్లో పల్స్ లిమిట్ దాటితేనే అలర్ట్ వస్తుంది. నిలబడగానే మీ పల్స్ 70 నుంచి 105కి ఎగిరిందనుకోండి. పెరిగింది 35. కానీ లిమిట్ 120 దగ్గర ఉంటే వాచ్ కిక్కురుమనదు.

వాచ్ దండగ అనట్లేదు. రోజంతా పల్స్ రికార్డు అవ్వడం మంచిదే. ఫాల్ డిటెక్షన్ కూడా పనికొస్తుంది. కాకపోతే అది గట్టిగా పడటాన్ని పట్టేలా చేసింది. కుర్చీలోనే మెల్లగా ఒరిగిపోతే పట్టకపోవచ్చు. అందుకే పక్క సీటు కొలీగ్‌కి ఒక మాట చెప్పి ఉంచండి. ఏ సెన్సార్ కన్నా అది నయం.

ఆఫీసులో అసలు కష్టం నమ్మించడం. బయటికి బాగానే కనిపిస్తాం కాబట్టి నాటకం అనుకునేవాళ్లు ఉంటారు. వాచ్ గ్రాఫ్ చూపిస్తే మేనేజర్ తల ఊపి వదిలేస్తాడు. అదే, 5 నిమిషాలు పడుకుని ఒకసారి, లేచాక 1, 3 నిమిషాలకి మళ్లీ కొలిచిన రీడింగులు వారం రోజులవి డాక్టర్‌కి చూపించండి. ఆయన పరీక్షించి లెటర్ ఇస్తే, స్టాండప్ మీటింగ్‌లో కూర్చోవడానికి, వర్క్ ఫ్రమ్ హోమ్ అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. కొలిచేటప్పుడు పక్కన ఎవరైనా ఉండాలి. రీడింగులు చూసి ఉప్పు, మందులు సొంతంగా మార్చొద్దు. ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా గ్యాడ్జెట్లు పక్కన పెట్టి హాస్పిటల్‌కి వెళ్లండి.

వాచ్ కంపెనీలకి ఒక్క మాట. పల్స్ సెన్సార్, టైమర్ ఇప్పటికే ఉన్నాయి. పడుకున్నప్పటి పల్స్‌ని, నిలబడిన పది నిమిషాల పల్స్‌ని పక్కపక్కన చూపించే ఒక మోడ్ ఇవ్వండి చాలు. కొత్త హార్డ్‌వేర్ అక్కర్లేదు. వందో వాచ్ ఫేస్ కన్నా మాకు అదే కావాలి.