సంపద, సహనం, జూదం

ధనార్జన పాపం కాదు. న్యాయమార్గంలో ఆర్జించిన ధనం ఇంటికి అన్నం పెడుతుంది, ఊరికి బడి కడుతుంది, ఆపన్నులకు చేయూతనిస్తుంది. అయితే ధనవంతుల చరిత్రను చదివే పద్ధతి ఒకటున్నది. అది తెలియక చదివితే ఆ చరిత్ర మార్గదర్శకం కాక ఎండమావి అవుతుంది. మన విద్యార్థుల నోట తరచుగా వినవచ్చే రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా విషయంలో ఇదే జరుగుతున్నదని నా అభిప్రాయం.

ఆయన 1960 జూలై 5న జన్మించారు. తండ్రి ఆదాయపు పన్ను శాఖలో అధికారి. షేర్ల ధరలు రోజూ ఎందుకు మారుతాయని చిన్ననాడు అడిగితే, వార్తాపత్రిక చదువుమని తండ్రి బదులు చెప్పారట. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో చదివి, చార్టర్డ్ అకౌంటెంటు పట్టం పుచ్చుకొని, 1985లో ఐదు వేల రూపాయలతో షేర్ మార్కెట్‌లో అడుగుపెట్టారు. అప్పటికి సెన్సెక్స్ 150 ప్రాంతంలో ఉండేది. 1986లో టాటా టీ షేర్లు 5,000, ఒక్కొక్కటి 43 రూపాయల వంతున కొని, కొద్ది నెలలలోనే 143 రూపాయలకు అమ్మారు. 2022 ఆగస్టు 14న కన్నుమూసే నాటికి ఆయన సంపద 40 వేల కోట్ల రూపాయలకు పైమాటేనని పత్రికలు అంచనా వేశాయి. 2023లో మరణానంతరం పద్మశ్రీ లభించింది.

ఐదు వేలు వేల కోట్లయిన ఈ కథ వినసొంపుగానే ఉన్నది. కాని లెక్క తెలిసినవారు ఒక్కచోట ఆగాలి. ఐదు వేల షేర్లకు 43 రూపాయల వంతున రెండు లక్షల పదిహేను వేలు కావాలి. ఐదు వేల రూపాయలతో అవి ఎట్లా వచ్చాయి? తన అన్నగారి పరిచయస్థుల వద్ద, బ్యాంకు ఇచ్చే దానికంటె హెచ్చు వడ్డీ ఇస్తానని ఆయన అప్పు తెచ్చారు. అప్పు చేసి షేర్లు కొని మునిగినవారి చరిత్ర ఎవరూ వ్రాయరు. గట్టెక్కినవాని చరిత్రే అచ్చవుతుంది. వడ్డీని నిషిద్ధమని ఎంచే మన ఇండ్ల పిల్లలు ఈ పుటను ప్రత్యేకంగా గమనించాలి.

మరొక పుట ఉన్నది, అది గ్రహించదగినది. 2002–03 ప్రాంతంలో ఆయన టైటాన్ కంపెనీ షేర్లు కొన్నారు. ఐరోపాలో గడియారాల వ్యాపారం నష్టం తెచ్చి, కంపెనీపై మదుపరులకు మక్కువ తగ్గిన కాలమది. భారతీయ కుటుంబాలు నమ్మకమైన దుకాణంలో నగలు కొనే రోజు వస్తుందని ఆయన ఊహించారు. 2008 సంక్షోభంలో ధరలు కుప్పకూలినా ఆ వాటాలో ముఖ్యభాగాన్ని విడువలేదు. ఆయన ఐశ్వర్యానికి మూలస్తంభం ఇదే. మన హైదరాబాదులోని ఎన్.సి.సి. నిర్మాణ సంస్థలోనూ ఆయన కుటుంబం ఏండ్ల తరబడి పెద్ద వాటా కలిగి ఉండినది.

ఇట్లా కంపెనీలో వాటా కొనడం వ్యాపారంలో భాగస్వామి కావడమే. లాభమొస్తే పంచుకోవడం, నష్టమొస్తే భరించడం అందులోని ధర్మం. హజ్రత్ ఖదీజా తన సరుకును మహమ్మద్ ప్రవక్త చేతికిచ్చి షాముకు పంపిన నాటి వర్తకంలోనూ నమ్మకం, భాగస్వామ్యం ఉన్నవి. కనుక షేర్లన్నీ జూదమనే పెద్దల మాటతో నేను ఏకీభవించలేను. ఏ వ్యాపారం, ఎంత అప్పు, ఎటువంటి ఆదాయం అని విచారించి కొనడం వివేకం.

జూదం వేరే ఉన్నది. నేడు యువకులను ఆకర్షిస్తున్నది వాటా కాదు, ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే పందెం. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2022 నుండి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఈ బేరాలు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. ఝున్‌ఝున్‌వాలా కూడా ఇటువంటి బేరాలు చేసినవారే. 1992లో హర్షద్ మెహతా కుంభకోణం బయటపడి ధరలు పడినప్పుడు, పతనంపై పందెం కాసి లాభించారు. ఆప్‌టెక్ షేర్ల విషయంలో అంతరంగిక సమాచారంతో వ్యాపారం జరిగిందనే ఆరోపణను 2021లో ఆయన, ఆయన భార్య, మరికొందరు కలిసి సుమారు 37 కోట్లు చెల్లించి, ఆరోపణను ఒప్పుకోక, కాదనక పరిష్కరించుకున్నారు. గొప్పవారిని గౌరవించడమంటే వారి ప్రతి అడుగులో అడుగు వేయడం కాదు.

విద్యార్థులారా! ఆయన మార్కెట్‌కు రాకముందు అకౌంటెన్సీ చదివారు. మార్కెట్ ముంచినా ఆ పట్టం ఆయనను నిలబెట్టేది. మీ చేతిలోని రుసుము సొమ్ము తండ్రి చెమట. స్కాలర్‌షిప్ సమాజం మీకప్పగించిన అమానత్. పందెంలో ఒడ్డడానికి అది మీ సొత్తు కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే గాక అందరికీ, కంపెనీ ఆస్తి అప్పుల పట్టీ చదవడం నేర్పే పాఠాలు వారానికొక గంట, ఉర్దూలోనూ తెలుగులోనూ ఏర్పాటు చేయాలి. వద్దని గద్దించినంత మాత్రాన సెల్‌ఫోన్‌లోని మార్కెట్ మూతపడదు. నేర్పకపోతే పిల్లలు దళారుల వద్ద నేర్చుకుంటారు. ఆ గురుదక్షిణ చాలా భారమైనది.