చీటీ రాసే దిక్కేది?

"ట్రాన్స్ మహిళలకు హార్మోన్లు రాయడం రిస్కండీ, మేం ఆ జోలికి పోం." ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో పేరున్న డాక్టరుగారు ఈ వారం నాతో అన్న మాట ఇది. ఆయన కఠినుడేమీ కాదు. పేదవాళ్ల దగ్గర ఫీజు తీసుకోడని ఊళ్లో మంచి పేరుంది. అందుకే ఆ మాట నాకు మరీ కష్టంగా తోచింది. ఆయన రాయనంత మాత్రాన ఆ మందుల వాడకం ఆగదు. ఆయన గది గుమ్మం దాటిన మనిషి నేరుగా మెడికల్ షాపుకు వెళుతుంది. ఆయన భయపడుతున్న రిస్కు అక్కడే మొదలవుతుంది.

ఈస్ట్రోజెన్ ఒకటి, టెస్టోస్టిరాన్‌ను అణచే మందు మరొకటి. ఈ రెండూ కలిపి ఇవ్వడం ఇవాళ్టి ప్రయోగం కాదు. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2017లో, ట్రాన్స్‌జెండర్ల ఆరోగ్యంపై పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం డబ్ల్యూపాథ్ 2022లో ఎలా ఇవ్వాలో, ఏమేం చూసుకోవాలో వివరంగా రాసి పెట్టాయి. అణచే మందు తోడుంటే ఈస్ట్రోజెన్‌ను విపరీతంగా పెంచాల్సిన పని ఉండదు. కలపడంలోని కిటుకంతా అదే. మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష, ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు. టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండాలి, ఈస్ట్రడయాల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పికోగ్రాముల మధ్య ఉండాలి. ఇంతకన్నా చిక్కు మందులు మన డాక్టర్లు రోజూ రాస్తూనే ఉన్నారు. ఇన్సులిన్ రాస్తున్నారు, రక్తం పలచబరిచే మాత్రలు రాస్తున్నారు. అక్కడ లేని భయం ఇక్కడ ఎందుకో నాకు అర్థం కాదు. నిజం చెప్పాలంటే అర్థమవుతుంది, ఒప్పుకోవడమే కష్టం. భయం మందును చూసి కాదు, మనిషిని చూసి.

మెడికల్ షాపులో ఏం జరుగుతుందో కళ్లారా చూశాను. నా ముందు నిలబడ్డ అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. చున్నీ అంచులో ముడేసుకున్న పాత స్ట్రిప్పు ముక్క తీసి చూపించింది. కొట్టులో కుర్రాడు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఆ మాత్ర లేదంటూ గర్భనిరోధక మాత్రల పాకెట్టొకటి, వెనక అరలోంచి ఇంకో స్ట్రిప్పు తీసి కవర్లో పడేశాడు. "రోజుకు రెండేస్కో అక్కా, జల్ది పన్జేస్తది" అన్నాడు. చీటీ అడగలేదు, బిల్లు ఇవ్వలేదు. గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతోంది, ఆ మనిషి జాడ మాత్రం లేదు. బయటికొచ్చాక ఆ అమ్మాయిని పలకరించి, ఇవి ఎవరు చెప్పారమ్మా అని అడిగాను. "మా గురువు చెప్పింది. ఆమె కూడా ఇవే వాడింది" అంది. తప్పు గురువుది అనడానికి నాకు నోరు రాలేదు. డాక్టరు చెప్పనిది ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఆ పాకెట్టు సంగతే చూడండి. మన కుటుంబ నియంత్రణ మాత్రల్లో చాలావాటిలో, ఊరూరా ఆశా కార్యకర్తలు పంచే మాలా-ఎన్‌తో సహా, ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయాల్. ఒంట్లో సహజంగా ఊరే ఈస్ట్రడయాల్‌కూ దీనికీ తేడా ఉంది. కాలేయం దీన్ని అంత తేలిగ్గా వదిలించుకోలేదు, పైగా రక్తం గడ్డకట్టించే పదార్థాలు ఎక్కువగా తయారవుతాయి. గర్భం రాకుండా రోజుకొకటి వేసుకునే ఆడపిల్లకు ఆ ముప్పు తక్కువే. ఒంటి తీరు మారాలని రెండు, మూడు, నాలుగు మింగేవాళ్ల సంగతి వేరు. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు తమ దగ్గర చికిత్స పొందిన ట్రాన్స్ మహిళల లెక్కలు 1997లో ప్రచురించారు. అప్పట్లో అక్కడా ఎక్కువగా ఈ ఇథినైల్ ఈస్ట్రడయాల్‌నే సైప్రొటెరోన్ అనే అణచే మందుతో కలిపి ఇచ్చేవారు. సిరల్లో గడ్డలు మామూలు జనంలో కన్నా 20 రెట్లు కనిపించాయి. ఆ తర్వాత వాళ్లు ఆ మాత్రకు స్వస్తి చెప్పారు. ఈస్ట్రడయాల్ మాత్రలకు, చర్మానికి అంటించే పట్టీలకు మారారు. నలభై దాటినవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా గడ్డలు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు పట్టీయే మేలని నేర్చుకున్నారు. అంతా తెలిసి ఇన్నేళ్లైంది. మన కొట్టులో కవర్లో పడుతున్నది మాత్రం ఇంకా ఆ పాత మాత్రే.

ఇక అణచే మందులు. స్పైరనోలాక్టోన్ అసలు గుండెకూ బీపీకీ వాడే మాత్ర. ఒంట్లో పొటాషియం పెంచుతుంది. బీపీకి టెల్మిసార్టానో రామిప్రిలో ముందే వాడుతున్న మనిషి దీన్ని కూడా మొదలుపెడితే పొటాషియం గుండె లయ తప్పేంత పెరగవచ్చు. మే నెల ఎండల్లో దానికి తోడు రోజూ కొబ్బరి బోండాలు, ఒళ్లునొప్పులకు నొప్పి మాత్రలు. రెండు చుక్కల రక్తం తీసి పొటాషియం, క్రియాటినిన్ చూస్తే తేలిపోయే సంగతి ఇది. ప్రభుత్వాసుపత్రిలో కూడా జరిగే పరీక్షలే. సైప్రొటెరోన్ తీరు వేరు, అది కాలేయం మీద పడుతుంది. ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల మీద మెనింజియోమా అనే కణితి వచ్చే ముప్పు పెరుగుతుందని 2020లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. రోజుకు 10 మిల్లీగ్రాములు సరిపోతుందని డబ్ల్యూపాథ్ అంటోంది. 50, 100 మింగుతున్నవాళ్లు మన మధ్య ఇప్పటికీ ఉన్నారు.

అన్నిటికన్నా నా మనసును కలచివేసేది ఇంకొకటి. నిర్వాణం అయిపోయినవాళ్లకు, అంటే వృషణాలు తీయించుకున్నవాళ్లకు, అణచే మందుతో ఇక పనే లేదు. అణచడానికి ఏమీ మిగల్లేదు కదా. వాళ్లకు కావలసింది ఈస్ట్రోజెన్ ఒక్కటే. అదీ మానేస్తే ఎముకలు గుల్లబారతాయి. ఆపరేషన్ చేసినచోట ఈ రెండు ముక్కలూ చెప్పి పంపినవాళ్లు లేక, కొందరు అక్కర్లేని మందును ఏళ్లకేళ్లు మింగుతున్నారు, కొందరు కావలసిన మందునూ మానేస్తున్నారు. హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లలో ఇంకో భయం. హార్మోన్లకూ వాటికీ పడదేమోనని ఆ ఏఆర్‌టీ మాత్రలు ఆపేసేవాళ్లున్నారు. ఇప్పుడు మన ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువగా ఇస్తున్న డొల్యుటెగ్రావిర్‌కూ ఈస్ట్రడయాల్‌కూ పేచీ లేదు. ఆపాల్సిన పనే లేదు.

ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తిస్తూ సుప్రీంకోర్టు నాల్సా తీర్పు ఇచ్చింది 2014లో. ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణకు తెచ్చిన 2019 చట్టంలోని 15వ సెక్షన్ హార్మోన్ చికిత్స అందించే బాధ్యతను ప్రభుత్వం నెత్తిన పెట్టింది. 2022లో ఆయుష్మాన్ భారత్ కింద వాళ్లకు ఏటా ఐదు లక్షల రూపాయల బీమా అన్నారు. చేతల్లో జరిగిందేమిటి? హైదరాబాద్ నారాయణగూడలో 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్, ట్రాన్స్ సమాజం తానే నడుపుకున్న క్లినిక్, అమెరికా సాయం ఆగిపోగానే 2025 ఆరంభంలో మూతపడింది. ఆ తర్వాత టాటా ట్రస్ట్స్ చేయూతతో సబ్‌రంగ్ పేరిట మళ్లీ తెరుచుకుంది, సంతోషం. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 జనగణన లెక్కకే ఈ వర్గంవాళ్లు 43,769 మంది. చెప్పుకోనివాళ్లు ఎందరో. వాళ్ల వైద్యం వాషింగ్టన్‌లో ఎవరో పెట్టే సంతకం మీద, ముంబైలోని ఒక ట్రస్టు దయ మీద ఆధారపడాలా? జిల్లా ఆస్పత్రిలో వారానికొక పూట ఒక డాక్టరును కూర్చోబెట్టి, మూడు నెలలకోసారి ఆ నాలుగు పరీక్షలూ చేయించడానికి ఎంత డబ్బు కావాలి?

నేను ఎప్పుడూ అడిగేదే ఇక్కడా అడుగుతాను. మాత్రల మీద తెలుగేది? జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ఫ్యాక్టరీల మందులు దేశమంతా మింగుతోంది. ఆ పరిశ్రమ కోసం పటాన్‌చెరు ప్రాంతం తన చెరువుల్నీ బోరు నీళ్లనీ పోగొట్టుకుంది. ఆ ఊరి మనిషి ఆ ఊళ్లో తయారైన స్ట్రిప్పు చేతిలో పట్టుకుంటే చదవగలిగిన అక్షరం ఒక్కటి ఉండదు. అంతా ఇంగ్లీషు, ఒక్కోసారి పక్కన హిందీ. డాక్టరు సలహా లేకుండా వాడరాదన్న హెచ్చరిక ఎర్ర గడిలో చీమ తలకాయంత ఉంటుంది, అదీ ఇంగ్లీషులోనే. బీపీ మాత్రనూ షుగరు మాత్రనూ రంగును బట్టి గుర్తుపట్టే ముసలివాళ్లు మన ఇళ్లలో ఎందరు లేరు? కంపెనీ రంగు మారిస్తే వాళ్ల గతేమిటి? ఔషధ నియంత్రణ అధికారులు తెలుగు అచ్చు వేయించమని కంపెనీలను నిలదీయలేరా? రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కలిసి అడిగితే కాదనే కంపెనీ ఏది?

స్ట్రిప్పు మీద చోటు లేదంటే డబ్బాలో పెట్టే కాగితం మీద వేయండి. ఈ రెండు మందుల కాగితంలో ఏముండాలో నేనే రాసిస్తాను. గర్భనిరోధక మాత్రలు దీనికి బదులు కావు. తొందరగా పనిచేస్తుందని మోతాదు రెట్టించొద్దు, మార్పు రావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పొగ మానేయండి. బీపీ మందులుంటే డాక్టరుకు ముందే చెప్పండి. కళ్లు పచ్చబడినా, ఆగకుండా తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా పరీక్ష చేయించుకోండి. ఆపరేషన్ అయితే ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో అడగండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెడుతున్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మింగుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లి, అక్కడి డాక్టరుకు ఏదీ దాచకుండా చూపించండి.