ఆ టేపులో ఏముందో ఈ వారమే చూసుకోండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సహకార బ్యాంకులకు, ఆసుపత్రులకు, కాలేజీలకు, మున్సిపల్ ఆఫీసులకు, అక్కడ సర్వర్లు చూసుకునే పిల్లలకు ఈ హెచ్చరిక. మీ బీరువాలో తేదీలు రాసి వరసగా పేర్చిన బ్యాకప్ టేపుల్లో ఏమీ ఉండకపోవచ్చు. ఊరికే భయపెడుతున్నాననుకోకండి, నా కళ్లతో చూసి చెబుతున్నాను.

విజయనగరంలో ఒక సంస్థ ఉంది, పేరు అక్కర్లేదు. రోజూ రాత్రి సర్వర్‌లోని లెక్కలన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి టేపుకు ఎక్కించే స్క్రిప్ట్ ఒకటి అక్కడ నడుస్తోంది. పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చి, తెర మీద ‘బ్యాకప్ ఓకే’ అని చూసుకుని, టేపు తీసి, స్టిక్కర్ మీద బాల్‌పెన్నుతో తేదీ వేసి, బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ఒకరోజు పాత ఫైలు అవసరపడి టేపు పెడితే ఏమీ రాలేదు. ఇంకోటి పెట్టారు, రాలేదు. సాయంత్రానికి బీరువా మొత్తం బల్ల మీదికొచ్చింది. కొత్తగా కొన్న టేపులు ఖాళీ. తిరగవాడిన టేపుల్లో ఎప్పటివో పాత లెక్కలు, పైన స్టిక్కర్ మీద మాత్రం నిన్నా మొన్నటి తేదీలు. ‘రోజూ ఓకే అనే వచ్చీది బాబూ, నా చేత్తోనే తేదీ వేశాను’ అని ఆ పెద్దాయన అంటుంటే ఎవరికీ నోట మాట రాలేదు. ఆయన తప్పేమీ లేదు. స్క్రిప్ట్ అబద్ధం చెప్పింది.

ఎలా చెప్పిందో తెలుసుకోవాలి, ఎందుకంటే ఇదే రాత చాలాచోట్ల ఉంది. అలాంటి స్క్రిప్ట్‌లో మూడు ప్రోగ్రాములు ఒకదాని చేతినుంచి ఒకటి అందుకుంటాయి. టార్ ఫైళ్లను మూట కడుతుంది, జీపీజీ దానికి తాళం వేస్తుంది, డీడీ ఆ మూటను టేపు మీద రాస్తుంది. పని అయిందా అని అడిగితే, వీటిని నడిపించే షెల్ మామూలుగా ఆఖరిదాని జవాబు ఒక్కటే తెస్తుంది. ఆ విజయనగరం సంస్థలో తాళం వేసే కీకి, చేసిననాడే రెండేళ్ల గడువు పెట్టారు. గడువు తీరిన రాత్రి నుంచి జీపీజీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. డీడీకి ఒక్క బైటూ అందలేదు. అందింది ఏమీ లేదు గనక రాయాల్సిందీ లేదు, నా పని అయిపోయిందంది. ఆ జవాబు పట్టుకుని స్క్రిప్ట్ ‘ఓకే’ అంది. మొదట్లోనే పైప్‌ఫెయిల్ అనే ఒక్క సెట్టింగ్ పెట్టి ఉంటే మొదటి రాత్రే దొరికేది. ఎన్ని జీబీలు రాసిందో నిన్నటి లెక్కతో పోల్చే ఇంకో లైను ఉన్నా దొరికేది.

ఇంకో పొరపాటు ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ0 అనే పేర్ల దగ్గర జరుగుతుంది. రెండూ ఒకే టేప్ డ్రైవ్. మొదటి పేరుతో రాస్తే పని కాగానే టేపు మొదటికి చుట్టుకుపోతుంది. ఆ తర్వాత అదే టేపు మీద ఇంకోటి రాస్తే రోగుల రికార్డుల మీద జీతాల పట్టీ పడుతుంది, ముందు రాసింది పోతుంది. చేత్తో నడిపితే చక్కగా నడిచే స్క్రిప్ట్ అర్ధరాత్రి, వేళకు దానంతటదే నడిపే క్రాన్‌లో ఆగిపోవడమూ మామూలే. పాస్‌వర్డ్ అడుగుతుంది, చెప్పడానికి ఆ వేళ అక్కడ ఎవరూ ఉండరు.

ఇది చిన్న ఊళ్ల చేతకానితనం అనుకుంటే పొరపాటు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ కోసం చూస్తే, వెర్షన్ సరిపోక బ్యాకప్ తీసే ప్రోగ్రాం ఎన్నాళ్లుగానో విఫలమవుతోంది. విఫలమైందని పంపిన ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన కాపీ దొరికింది.

మనవైపు ఆపద రాదనుకోవద్దు, వచ్చింది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా కమ్మినప్పుడు మన రాష్ట్రంలో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి, వాటిలో శ్రీకాకుళం జిల్లావీ ఉన్నాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు స్తంభించి, దేశమంతా పేరున్న ఆ పెద్దాసుపత్రి రోజుల తరబడి కాగితం, కలంతో నడిచింది. 2024 జులై ఆఖరులో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ మీద దాడి జరిగితే, దాని మీద ఆధారపడ్డ సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ ఆగింది. ఇలాంటి రాన్సమ్‌వేర్ ముందు వెతికేది బ్యాకప్‌నే. నెట్‌వర్క్‌లో తగిలించి ఉంచిన హార్డ్‌డిస్క్‌ను అసలు డేటాతోపాటు నాశనం చేస్తుంది. డ్రైవ్‌లోంచి తీసి బీరువాలో పెట్టిన టేపును మాత్రం ముట్టలేదు. టేపు పాతకాలపు సరుకు అని తీసేయకండి. 2011లో కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయిపోతే గూగుల్ వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే.

కానీ బీరువా సర్వర్ గదిలోనే ఉంటే? హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న వచ్చాయి. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు వరసలుగా నేలకూలిన ఆ తెల్లవారుజాము ఇక్కడ ఎవరు మరిచారు? నాగావళి ఊరి మధ్య నుంచి పారే శ్రీకాకుళంలో నేల అంతస్తు గదిని నమ్ముకోకూడదు. ఒక టేపు వేరే ఊళ్లో ఉండాలి. శ్రీకాకుళం వాళ్లది విజయనగరంలో, విజయనగరం వాళ్లది పార్వతీపురంలో దాచుకుంటే ఖర్చెంత? తేమ తగలకుండా ప్లాస్టిక్ పెట్టెలో నిలువుగా పెట్టాలి, అంతే. కథకుడు కారా మాస్టారు 1997లో కథానిలయం పెట్టి, పాత పత్రికల్లోని కథల్ని కూడబెట్టింది ఈ శ్రీకాకుళంలోనే. ఒక్క కాగితం పోతే ఏం పోతుందో తెలిసిన ప్రాంతం మనది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కీ. టేపుకు ఎన్‌క్రిప్షన్ వేయడం మంచిదే, వేయాలి కూడా, దారిలో పోయినా జనం వివరాలు బయటపడవు. కానీ దాన్ని తెరిచే కీ ఆ సర్వర్‌లోనే ఉంటే, సర్వర్ పోయిన రోజున కీ కూడా పోతుంది. ఎల్‌టీఓ రకం టేపుల్లో వాడే 256 బిట్ల ఏఈఎస్ తాళాన్ని కీ లేకుండా పగలగొట్టగలవాళ్లు లేరు, పోలీసులైనా, కంపెనీవాళ్లైనా. కీ ఒక్క కుర్రాడికే తెలిసి, అతను ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయిన ఆఫీసులు నాకు తెలుసు. కీని పెన్‌డ్రైవ్‌లో, దాని పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, వేర్వేరు కవర్లలో సీలు వేసి, ఇద్దరు బాధ్యుల దగ్గర వేర్వేరు చోట్ల ఉంచండి. కీ గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాసుకోండి.

ఆఫీసర్లకు ఒక మాట. బ్యాకప్ అవుతోందా అని అడక్కండి, అవుతోందండీ అనే చెబుతారు. కిందటిసారి టేపు నుంచి ఫైలు వెనక్కి తెచ్చి చూసింది ఎప్పుడు, ఎవరు చూశారు, రిజిస్టర్‌లో సంతకం ఏదీ అని అడగండి. ఆ రిజిస్టరే లేకపోతే ఇవాళే తెరవండి.

సర్వర్లు చూసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బీరువాలోంచి ఏదో ఒక టేపు తీయండి. దాన్ని రాసిన సర్వర్‌తో కాకుండా వేరే కంప్యూటర్‌తో, సీలు కవర్‌లోని కీతో తెరిచి, ఒక్క ఫైలు బయటికి తెచ్చి చదవండి. తెరుచుకోకపోతే దాచకండి. ఆ సంగతి ఈ రాత్రికే మీ పైవాళ్లకు కాగితం మీద రాసి ఇవ్వండి.