పద్నాలుగేళ్ళకు మొదలయ్యేదాన్ని యూనివర్సిటీలో వెతుకుతున్నాం

మన దగ్గర విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి చర్చ ఎప్పుడూ ఒక చావు తర్వాతే మొదలవుతుంది. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల. 2019 మేలో ముంబైలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి. 2023లో ఐఐటీ ఢిల్లీలో ఇద్దరు దళిత విద్యార్థులు. ఈ ఇద్దరి తల్లిదండ్రులు న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్తే తప్ప ఎఫ్ఐఆర్ నమోదు కాలేదు. 2025 మార్చి 24న కోర్టు ఆ ఆదేశమిస్తూనే, ఉన్నత విద్యాసంస్థల్లో ఆత్మహత్యల నివారణ కోసం రిటైర్డ్ న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది.

టాస్క్‌ఫోర్స్ అవసరమే. కానీ దాని పరిధి ఉన్నత విద్యాసంస్థలు, అంటే పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు. మానసిక సమస్యలు మొదలయ్యే వయసు గురించి పరిశోధనలు చెప్పేది వేరు. 2005లో రొనాల్డ్ కెస్లర్ బృందం అమెరికాలో చేసిన సర్వే ప్రకారం జీవితకాలంలో వచ్చే మానసిక సమస్యల్లో సగం 14 ఏళ్ళకే మొదలవుతాయి. 2022లో 192 అధ్యయనాలను, ఏడు లక్షల మందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసిన మరో విశ్లేషణ ఆ అంకెను కొంచెం తగ్గించింది: 14 ఏళ్ళలోపు మూడో వంతు, 18 ఏళ్ళలోపు దాదాపు సగం. అన్నిటికన్నా ఎక్కువగా బయటపడే వయసు పద్నాలుగున్నర. మన లెక్కలో తొమ్మిదో తరగతి.

తొమ్మిదో తరగతి దళిత పిల్లలు ఐఐటీలో ఉండరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో, ఎస్సీ హాస్టల్లో, గురుకులంలో ఉంటారు.

ఆ వయసులో పట్టించుకోకపోతే ఏమవుతుంది? దీనికి జవాబు కావాలంటే ఒకే పిల్లలను ఏళ్ళ తరబడి వెంబడించి చూడాలి. అలాంటి పని చేసిన అధ్యయనాల్లో మనకు బాగా పనికొచ్చేది అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం పడమటి కొండప్రాంతంలో 1993లో మొదలైన గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ అధ్యయనం. 9, 11, 13 ఏళ్ళ పిల్లలు 1,420 మంది. అందులో నాలుగో వంతు దాకా చెరోకీ ఆదివాసీ పిల్లలు. చిన్నప్పుడు పదేపదే కలిసి మాట్లాడారు, పెద్దయ్యాక మళ్ళీ వెతికి పట్టుకున్నారు. విలియం కోప్‌లాండ్ బృందం 2015లో ఫలితాలు ప్రచురించింది. చిన్నప్పుడు మానసిక సమస్య నిర్ధారణ అయినవాళ్ళలో సుమారు 60 శాతం మంది పెద్దయ్యాక ఆరోగ్యంలోనో, పోలీసు కేసుల్లోనో, డబ్బు విషయంలోనో, మనుషులతో సంబంధాల్లోనో గట్టి దెబ్బ తిన్నారు. చిన్నప్పుడు ఏ సమస్యా లేనివాళ్ళలో ఇది 20 శాతం. మధ్యలో ఇంకో గుంపు ఉంది. లక్షణాలున్నాయి, కానీ డాక్టరు జబ్బు పేరు పెట్టేంత లేవు. వాళ్ళలో 42 శాతం.

ఈ మధ్య గుంపు మీదే నా దృష్టి నిలుస్తుంది. మన బళ్ళలో ఆ పిల్లలకు పెట్టే పేర్లు తెలిసినవే: మొండి, పొగరు, తల తిక్క, చదువు మీద ధ్యాస లేదు. అదే తిక్క కలిగినింటి పిల్లాడికుంటే చురుకుదనం అవుతుంది, మాదిగవాడకు చెందిన పిల్లాడికుంటే టీసీ అవుతుంది. ఎవరూ ఆస్పత్రికి పంపరు, ఏ సర్వేలోనూ లెక్కకు రారు, ఇంటర్ మధ్యలో కనపడకుండా పోతారు.

ఆ అధ్యయనంలో ఎవరూ అనుకోని మలుపు ఒకటి వచ్చింది. మధ్యలో చెరోకీలు తమ రిజర్వేషన్‌లో కాసినో తెరిచారు. (అక్కడ రిజర్వేషన్ అంటే సీటు కాదు, దోపిడీ తర్వాత వాళ్ళకు మిగిలిన భూమి.) లాభంలో వాటా ప్రతి చెరోకీ కుటుంబానికీ ఏటా అందింది. ఎవరూ దరఖాస్తు పెట్టుకోలేదు, ఎవరూ అర్హత నిరూపించుకోలేదు. జేన్ కాస్టెల్లో బృందం 2003లో చెప్పిందేమంటే, పేదరికం నుంచి బయటపడిన కుటుంబాల పిల్లల్లో దుడుకుతనం, ఎదురుతిరగడం లాంటి ప్రవర్తన లక్షణాలు 40 శాతం తగ్గాయి. ఎప్పుడూ పేదరికం ఎరగని పిల్లల స్థాయికి వచ్చాయి. మందులు లేవు, కౌన్సెలింగ్ లేదు. తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టుకుని ఉండే తీరిక దొరకడం దీనికి ముఖ్య కారణమని వాళ్ళు గుర్తించారు. తర్వాత ఆర్థికవేత్తలు లెక్కగడితే అత్యంత పేద ఇళ్ళ పిల్లలకు 21 ఏళ్ళ నాటికి ఒక ఏడాది చదువు అదనంగా వచ్చింది.

స్కాలర్‌షిప్ బకాయిల గురించి మాట్లాడితే అది బడ్జెట్ సమస్య అంటారు. పిల్లాడి మనసు గురించి మాట్లాడితే అది సైకాలజిస్టు పని అంటారు. రెండూ ఒకటేనని ఈ కొండప్రాంతపు లెక్కలు చెబుతున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ సర్టిఫికెట్ ఆపినప్పుడు, అమ్మ కూలి డబ్బుతో పాటు అప్పు తెచ్చినప్పుడు, ఆ ఇంట్లో జరిగేది పిల్లల మానసిక ఆరోగ్యం మీద సర్కారు చేసే ఖర్చుకు సరిగ్గా వ్యతిరేక దిశలో నడుస్తుంది.

అయితే అదే పరిశోధనలో ఇంకో వాక్యం ఉంది, దాన్ని దాటవేయకూడదు. డబ్బు వచ్చాక దుడుకుతనం తగ్గింది గానీ ఆందోళన, దిగులు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో ఆ అధ్యయనం తేల్చలేదు. నేను చదువుకున్నది మాత్రం ఇది: జేబు నిండినంత మాత్రాన చుట్టూ ఉన్నవాళ్ళ చూపు మారదు. ఆ చూపు ఏం చేస్తుందో మన దేశంలోనే ఒక ప్రయోగం చూపించింది. ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే పజిళ్ళు ఇచ్చారు. కులం చెప్పనంతసేపూ దళిత పిల్లలు, అగ్రకులాల పిల్లలు ఇంచుమించు సమానంగా చేశారు. అందరి ముందు పేరు, ఊరు, కులం చదివి వినిపించాక దళిత పిల్లల స్కోరు పడిపోయింది. పజిల్ అదే, బుర్ర అదే. ఈ లెక్కన హాజరు పట్టీలో కులం చదివి స్కాలర్‌షిప్ ఫారాలు పంచే ప్రతి ఉదయమూ ఒక ప్రయోగశాలే.

మరి ఏం చేస్తే పనిచేస్తుంది? దీనికీ దేశంలోనే ఆధారం ఉంది. బీహార్‌లోని నలందా జిల్లాలో 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్ళలో ‘సెహెర్’ అనే కార్యక్రమాన్ని పరీక్షించారు. ఫలితాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. గోడపత్రిక, ఫిర్యాదుల పెట్టె, ప్రార్థనా సమయంలో వేధింపుల గురించి మాట్లాడటం, కావాలన్నవాళ్ళతో విడిగా మాట్లాడటం, ఇవే పనులు. కొన్ని బళ్ళలో అక్కడి టీచరుతోనే చేయించారు. కొన్నిటిలో దీనికోసమే నియమించి శిక్షణ ఇచ్చిన మనిషితో చేయించారు. ఆ మనిషి సైకాలజిస్టు కూడా కాదు. విడిగా మనిషిని పెట్టిన చోట తొమ్మిదో తరగతి పిల్లల్లో దిగులు, వేధింపులు, హింస తగ్గాయి. రెండో ఏడాదికి తేడా ఇంకా పెరిగింది. టీచరుతో చేయించిన చోట ఏమీ చేయని బళ్ళకూ వాటికీ తేడా లేదు.

గురుకులాల్లో చదివినవాళ్ళకు దీని కారణం వివరించనక్కర్లేదు. మార్కులు వేసేది, రాత్రి డ్యూటీ చేసేది, హౌస్ మాస్టరుగా శిక్ష వేసేది, తల్లిదండ్రులను పిలిపించేది ఒకే మనిషి అయినప్పుడు ‘నీ బాధేంటో చెప్పు’ అని ఆ మనిషే అడిగితే ఎవరు చెబుతారు? టీచర్ల తప్పు కూడా కాదిది. రోజంతా పాఠాలు చెప్పి రాత్రి కాపలా కాసే మనిషి దగ్గర వినే ఓపిక మిగలదు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇంకో కేసులో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసు మన విశాఖపట్నానిది, నీట్ కోచింగ్ కోసం వచ్చిన 17 ఏళ్ళ అమ్మాయి మరణం మీద. ఇవి యూనివర్సిటీలకే కాదు, బడులు, హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు అన్నిటికీ వర్తిస్తాయి. వందమంది దాటిన ప్రతిచోటా అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీయకూడదు. దళిత, ఆదివాసీ పిల్లల పట్ల సిబ్బంది ఎలా మెలగాలో శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఇదే అమల్లో ఉండాలని కోర్టు చెప్పింది. ఐదు నుంచి ఇంటర్ దాకా తరగతికి 80 మంది చొప్పున నడిచే గురుకులంలో 600 మందికి పైగా ఉంటారు. సెక్షన్ల విభజన గురించైతే మన కార్పొరేట్ కాలేజీలు దాని మీదే సామ్రాజ్యాలు కట్టాయి.

ఇక లెక్కల సంగతి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతానికి సమస్య ఉందన్నారు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని చెప్పింది, వాళ్ళు ఏ కులాలవాళ్ళో చెప్పే పట్టిక ఆ నివేదికలో ఉండదు. ఉండటం అసాధ్యమేమీ కాదు. 2021 డిసెంబరులో పార్లమెంటులో అడిగితే కేంద్రం చెప్పింది: 2014 నుంచి 2021 దాకా ఐఐటీలు, ఎన్ఐటీలు, కేంద్రీయ యూనివర్సిటీల లాంటి సంస్థల్లో 122 మంది, అందులో 24 మంది ఎస్సీలు, 41 మంది ఓబీసీలు, ముగ్గురు ఎస్టీలు. అడిగితే లెక్క బయటికొచ్చింది.

బడి వయసు పిల్లల గురించి ఆ ప్రశ్న జిల్లా స్థాయిలోనే అడగొచ్చు, పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో. మీ జిల్లా గురుకులాల్లో, ఎస్సీ హాస్టళ్ళలో కౌన్సెలర్ పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని భర్తీ అయ్యాయి. ఆ పనిని టీచరుకే అదనపు బాధ్యతగా రాసిచ్చారా. 14416 టెలిమానస్ నంబరు గోడ మీద ఉందా, ఉంటే పిల్లలు ఏ ఫోన్ నుంచి చేయాలి. గత మూడేళ్ళలో తొమ్మిది, పది తరగతుల మధ్య టీసీ తీసుకుని వెళ్ళిపోయిన పిల్లలు ఎందరు, కారణం గడిలో ఏం రాశారు.