వాదము – వితండ

సత్యమును దెలిసికొనుటకై యుభయపక్షములవారును గూడి చేయు చర్చ వాదము. గెలుపే పరమావధిగా జేయునది జల్పము. తన పక్షమిదియని నిలుపక, ఎదుటివాని పక్షమును గూల్చుటయే పనిగా బెట్టుకొన్నది వితండ. గౌతముని న్యాయశాస్త్రమున నున్న యీ విభాగము పండితసభలకు మాత్రమే పనికివచ్చునని పాఠకులు తలంపరాదు. జాతిసంహారములు జరుగనే లేదని చెప్పువారు లోకమున నేటికిని బెక్కండ్రు కలరు. వారితో మాటలాడవలసివచ్చిన ప్రతివానికిని ఈ విభాగ మక్కఱకు వచ్చును.

ఐరోపాలోని యూదుల సంహారమునే దృష్టాంతముగా గ్రహింతము. ప్రధానముగా 1941 మొదలు 1945 వఱకు హిట్లరు ప్రభుత్వమువారును, వారికి దోడ్పడినవారును సుమారు 60 లక్షల యూదులను జంపిరి. ఇది యే యొక్క సాక్షి నోటిమాటపైనను ఆధారపడిన సంగతి కాదు. 1942 జనవరి 20వ తేదీని బెర్లిను నగరము చెంత వాన్సీయను చోట జర్మను అధికారులు గూడి చేసిన యాలోచనల నివేదిక నిలిచియున్నది. 1943 అక్టోబరులో హిమ్లరు పోజెను పట్టణమున దన సేనానులకు జేసిన యుపన్యాసము అతని కంఠస్వరముతోనే నిలిచియున్నది. 1942 సంవత్సరాంతమునకు నాలుగు శిబిరములకు దేబడినవారు 12,74,166 మంది యని తెలుపు జర్మను తంతివార్తయు ఆంగ్లేయుల దస్తరములలో దొరకినది. చంపినవారి లెక్కలే చంపినవారిపై సాక్ష్యము చెప్పుచున్నవి.

ఇంత సాక్ష్యమును గాదనువారు దానినంతను ఎదుర్కొనరు. ఒక యంకెను బట్టుకొందురు. ఆష్విట్సు శిబిరమున 40 లక్షల మంది చనిపోయిరని 1945లో సోవియటు విచారణ సంఘమువారు ప్రకటించిరి. ఆ యంకెయే చాలకాలము అచ్చటి స్మారకఫలకములపై నుండెను. పరిశోధన ముదిరిన పిమ్మట అచ్చట జంపబడినవారు సుమారు 11 లక్షలనియు, అందు యూదులు పది లక్షలనియు దేలినది, ఫలకములు మార్చబడినవి. “చూచితిరా, 30 లక్షలు తగ్గినవి, కావున 60 లక్షల మాటయు గల్లయే” యని వీరు చంకలు గొట్టుకొందురు. కాని యా 60 లక్షల లెక్క ఆ ఫలకములను జూచి కట్టినది కాదు. రౌల్ హిల్బర్గు 1961లో బ్రకటించిన గ్రంథమున ఆష్విట్సులో జంపబడిన యూదులను పది లక్షలుగానే లెక్కించి, సర్వత్ర జంపబడినవారిని 51 లక్షలుగా దేల్చెను. చరిత్రకారులు చెప్పని లెక్కను వారికంటగట్టి, దానినే ఖండించి విజయధ్వని చేయుట మనవారు ఛలమనిన దానికి దగ్గఱచుట్టము.

మఱియొక ప్రశ్న: “శవములేవి?” 1942 మొదలు 1944 వఱకు నాజీలు ప్రత్యేకదళముల నేర్పఱచి, ఖైదీలచేతనే గోతులను ద్రవ్వించి కళేబరములను గాల్పించిరి. 1945 జనవరిలో సోవియటు సేనలు సమీపించుచుండగా బిర్కెనావులోని విషవాయుశాలలను మందుపెట్టి పేల్చివేసిరి. సాక్ష్యమును గాల్చినది వారే. సాక్ష్యము చాలలేదని వారి పక్షమున నడుగువారు వీరు. దొంగ దీపమార్పగా, వాని బంధువు చీకటిలో నేమి కనబడినదని యడిగినట్లున్నది.

ఈ వాదము న్యాయస్థానమునకు గూడ నెక్కినది. తన్ను చరిత్రను వక్రించువాడని వ్రాసినందుకు డేవిడ్ ఇర్వింగను రచయిత, డెబోరా లిప్‌స్టాట్ అను పండితురాలిపైనను, ఆమె ప్రకాశకులైన పెంగ్విను సంస్థపైనను లండనులో 1996లో వ్యాజ్యము వేసెను. ఆమె పక్షమున రిచర్డ్ ఎవాన్సను చరిత్రాచార్యుడు అతని గ్రంథములను మూలపత్రములతో సరిచూచెను. ఒక్క యుదాహరణము చాలును. 1941 నవంబరు 30వ తేదీని హిమ్లరు టెలిఫోనులో మాటలాడి, బెర్లిను నుండి పోయిన యూదుల రైలును గూర్చి “చంపవలదు” అని వ్రాసికొనెను. అది యొక్క రైలును గూర్చిన మాట. ఆ మాట వ్రాయబడుటకు మునుపే, ఆ యుదయముననే, ఆ రైలులోని వేయిమందియు రీగా నగరము చెంత గాల్చిచంపబడిరి. ఇర్వింగు దానిని యూదుల నెవరిని జంపరాదని హిట్లరిచ్చిన సామాన్యాజ్ఞగా జిత్రించెను. 2000 ఏప్రిల్ 11వ తేదీని న్యాయమూర్తి గ్రే తీర్పు చెప్పుచు, ఇర్వింగు తన యభిమతమునకై సాక్ష్యమును బుద్ధిపూర్వకముగా వక్రించెనని నిర్ణయించెను.

ఇందలి పాఠము స్పష్టము. పొరపాటు అందఱకును గలుగును. కాని పొరపాటు ఒకప్పుడు కుడికి, ఒకప్పుడు ఎడమకు బోవును. ఎన్నిమారులు తూచినను వర్తకునివైపే మొగ్గు తక్కెడ చెడినది కాదు, చెఱుపబడినది.

సంఖ్యలను గూర్చి యడుగువాడెల్ల దుష్టుడని మా యభిప్రాయము కాదు. 1919లో జలియన్‌వాలాబాగున మృతులు 379 మంది యని ప్రభుత్వమువారనిరి. కాంగ్రెసు విచారణ సంఘమువారు అంతకు రెట్టింపునకు మించి చెప్పిరి. ఆ సంఖ్యను నేడును బరిశోధింపవచ్చును. అట్టి పరిశోధకుడు లెక్క హెచ్చినను దగ్గినను అంగీకరించును, కాల్పులే జరుగలేదనడు. లెక్క సరిచూచుట వేఱు, లెక్క పేరిట హంతకుని విడిపింపజూచుట వేఱు.

ఈ దూరదేశపు సంగతి మనకేలయని కొందఱనవచ్చును. హిట్లరు ఆంగ్లేయులకు శత్రువు గనుక మనకు మిత్రుడనియు, అతనిపై మోపిన నేరములు ఆంగ్లేయుల కల్పనలనియు బలికినవారు మన దేశమునను ఉండిరి, నేటికిని నున్నారు. అతని యాత్మకథ మన పుస్తకశాలలలో నింకను విక్రయింపబడుచున్నది. శత్రువుయొక్క శత్రువైనంతమాత్రమున హంతకుని చేతులు కడుగబడవు. మన మృతులకు సత్యము గోరు మనము పరుల మృతుల విషయమున వితండను మన్నించినచో, మన నోటిమాటకే విలువ పోవును.

ఇట్టి వాదమును శాసనముచే నిషేధింపవలెనా? జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశములవారు నిషేధించిరి. ఆ గడ్డపై జరిగిన ఘోరములను దలచిన వారి నిర్ణయమును మేము తప్పుపట్టము. కాని పరప్రభుత్వపు ముద్రణశాసనముల రుచి యెఱిగిన మన పత్రికలు నోరు కట్టుటకంటె బదులు చెప్పుటయే మేలని తలంచుట సహజము. అయితే ఆ బదులు, వైతండికుడు విసరు ప్రతి ప్రశ్న వెంటను బరుగెత్తుట కారాదు. ఒకదానికి సమాధానము చెప్పులోపల బది కల్పించుట వానికి సులభము.

వితండకు బ్రాణము తన పక్షమును జెప్పకుండుటలో నున్నది. కావున వానిచే దానినే చెప్పింపవలెను. “చంపబడలేదందువు; ఆ తల్లులు, ఆ పిల్లలు, ఏ రైలెక్కి యెచ్చటికి బోయిరి? యుద్ధానంతరము ఏ యూరి జాబితాలో నున్నారు? నీ సాక్ష్యమేది?” ఈ ప్రశ్నకు బదులు వచ్చువఱకును మఱియొక ప్రశ్నకు జోటియ్యరాదు. బదులు చెప్పగలవానితో వాదింతము. చెప్పనొల్లనివానికి మన సభలోనే కాదు, మన యరుగుపైనను బీట వేయనక్కఱలేదు.